వినపడిందా, వినపడినట్టు అనిపించిందా?

"ఎవరో పిలిచినట్టు అనిపించింది" అంటే ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. "ఎవరో పిలిచారు, తలుపు తీస్తే ఎవరూ లేరు" అంటే ఒకసారి తల తిప్పి చూస్తారు. "రోజూ ఎవరో నాతో మాట్లాడుతున్నారు" అంటే ఆ రాత్రే పెద్దవాళ్లు పక్క గదిలో చేరి గుసగుసలాడుకుంటారు. మొదటి మాటను అలసట అని వదిలేస్తాం, మూడో మాటకు పిచ్చి అని ముద్ర వేస్తాం. ఈ రెంటికీ మధ్య ఏముందో మాత్రం ఎవరం అడగం.

ఎదుట మనిషి లేకుండా గొంతు వినపడటం దానంతటదే జబ్బు కాదని నా వాదన. ఆ గొంతు ఏమంటోంది, ఎప్పుడు వస్తోంది, దాన్ని పక్కన పెట్టి పని చేసుకోగలుగుతున్నారా, దానివల్ల నిద్ర, తిండి, చదువు, నలుగురితో మాట ఏమవుతున్నాయి అన్నవే జబ్బా కాదా తేలుస్తాయి. "వినపడుతోందా?" అని ఒక్క ప్రశ్న అడిగి, అవునన్న జవాబు వినగానే నిర్ణయానికి వచ్చేస్తే ఇంట్లోవాళ్లదైనా తప్పే, డాక్టరుదైనా తప్పే.

ముందు లెక్కలు చూద్దాం. 1889లో ఇంగ్లండులో హెన్రీ సిడ్జ్‌విక్ నాయకత్వంలో కొందరు ఒక పెద్ద విచారణ మొదలుపెట్టారు. వాలంటీర్ల చేత 17,000 మందిని ఒకటే ప్రశ్న అడిగించారు: పూర్తి మెలకువలో, బయట ఏ కారణమూ కనపడకుండా, మనిషిని చూసినట్టో, ఎవరో తాకినట్టో, గొంతు విన్నట్టో మీకు ఎప్పుడైనా స్పష్టంగా అనుభవమైందా? నివేదిక 1894లో వచ్చింది. 1,684 మంది అవునన్నారు. నూటికి దాదాపు పది మంది. వీళ్లంతా ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ ఉన్న మామూలు జనం.

ఆ లెక్క పాతదనుకుంటే 2015 నాటిది చూడండి. 18 దేశాల్లో 31,261 మంది పెద్దవాళ్లను అడిగారు. నిద్రమత్తులో జరిగినవీ, తాగుడు లేదా మత్తుపదార్థాల ప్రభావంలో జరిగినవీ తీసేశారు. అంత వడపోత తర్వాత కూడా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గొంతులు విన్నామన్నవాళ్లు 2.5 శాతం తేలారు. అంటే వెయ్యి మందిలో పాతిక మంది. స్కిజోఫ్రెనియా (లేని గొంతులు, గట్టిపడ్డ తప్పు నమ్మకాలతో వచ్చే తీవ్ర మానసిక జబ్బు) ఉన్నవాళ్లు పెద్దవాళ్లలో వెయ్యికి నలుగురైదుగురని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మొదటిది జీవితకాలపు లెక్క, రెండోది ఇప్పటి లెక్క. ఒకదాంట్లోంచి ఇంకొకటి నేరుగా తీసేయలేం. అయినా తేడా ఎంతో కంటికి కనపడుతూనే ఉంది. ఆ సర్వేలో గొంతులు, దృశ్యాలు, వింత నమ్మకాలు అన్నీ కలిపి ఇలాంటి అనుభవాలు ఉన్నవాళ్లలో సుమారు మూడోవంతు మందికి అది జీవితం మొత్తంలో ఒక్కసారే జరిగింది.

పిల్లల సంగతి ఇంకా స్పష్టం. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ ప్రాంతంలో ఏడెనిమిదేళ్ల పిల్లలు 3,870 మందిని అడిగితే నూటికి తొమ్మిది మంది గొంతులు వినపడతాయన్నారు. ఆ పిల్లల్ని ఐదేళ్ల తర్వాత మళ్లీ అడిగారు. నలుగురిలో ఒకరికే ఇంకా వినపడుతున్నాయి. మిగతావాళ్లకు వాటంతటవే పోయాయి. కాబట్టి రెండో తరగతి పిల్ల "నాతో ఒక అక్క మాట్లాడుతుంది" అంటే కంగారుపడి తిట్టకండి, నవ్వకండి. ఆ అక్క భయపెడుతోందా అని మెల్లగా కనుక్కోండి. బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారా, పెద్దవాళ్లెవరైనా తాకరాని చోట తాకుతున్నారా, రాత్రి సరిగ్గా పడుకుంటోందా, ఇవి కనుక్కోండి. చిన్నప్పుడు హింసకో, వేధింపుకో గురైనవాళ్లలో పెద్దయ్యాక సైకోసిస్ (ఏది నిజమో ఏది కాదో తేడా తెలియకుండా పోయే మానసిక స్థితి) రావడం రెండున్నర రెట్లకు పైగా ఎక్కువని 2012లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. పిల్లకు వినపడే గొంతు కొన్నిసార్లు ఎవరికీ చెప్పుకోలేకపోయిన విషయాన్నే మోస్తుంటుంది.

వైద్యశాస్త్రం కూడా ఈ దారిలోకి ఆలస్యంగానే వచ్చింది. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసే రోగనిర్ధారణ పుస్తకంలో చాలాకాలం ఒక నియమం ఉండేది. స్కిజోఫ్రెనియా అనడానికి మామూలుగా రెండు ముఖ్య లక్షణాలు కావాలి. కానీ మనిషి చేసే పనుల మీద గొంతు ఆగకుండా వ్యాఖ్యానం చేస్తున్నా, రెండు గొంతులు తమలో తాము మాట్లాడుకుంటున్నా ఆ ఒక్కటే రెంటికి సమానం. 2013లో వచ్చిన ఐదో కూర్పులో ఈ మినహాయింపు తీసేశారు. గొంతు ఏ తీరుగా ఉన్నా అది ఒక లక్షణంగానే లెక్క. మన దగ్గర చాలా ఇళ్లలో ఆ పాత నియమం ఇంకా నడుస్తూనే ఉంది.

ఇక అన్నిటికంటే ఎక్కువ మందికి తగిలే అనుభవం గురించి. భర్త పోయిన ఆమె, భార్య పోయిన ఆయన.

డ్యూయీ రీస్ వేల్స్ మధ్య ప్రాంతంలో ఒక చిన్న ఊరి డాక్టరు. తన చుట్టుపక్కల ఉన్న 227 మంది వితంతువుల్నీ, 66 మంది భార్యను పోగొట్టుకున్న మగవాళ్లనీ స్వయంగా కూర్చోబెట్టి అడిగి, 1971లో ఫలితాలు అచ్చు వేశారు. దాదాపు సగం మందికి, కచ్చితంగా చెప్పాలంటే 46.7 శాతానికి, పోయినవాళ్ల ఉనికి ఏదో ఒక రూపంలో తెలిసింది. 39 శాతానికి పక్కనే ఉన్నట్టు అనిపించింది, 14 శాతం చూశారు, 13 శాతం గొంతు విన్నారు. ఎక్కువ మందికి అది ఊరటనిచ్చింది. చాలా ఏళ్లు కలిసి కాపురం చేసినవాళ్లలో ఇది ఇంకా ఎక్కువ. నన్ను ఆపేసే అంకె మాత్రం వేరే ఉంది. ఇలా అనుభవమైన 137 మందిలో అంతకుముందు ఎవరో ఒకరికైనా చెప్పుకున్నవాళ్లు 38 మందే. డాక్టరుకు చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. నవ్వుతారని కొందరు, అవతలివాళ్లు బాధపడతారని కొందరు నోరు విప్పలేదు.

మన ఇళ్లలో పన్నెండో రోజు దాటాక, చుట్టాలు వెళ్లిపోయాక, ఇల్లు నిశ్శబ్దమైనప్పుడు ఇది మొదలవుతుంది. సాయంత్రం గేటు చప్పుడుతో పాటు "ఏమేవ్" అన్న పిలుపు. వంటింట్లో ఉన్న ఆమె "ఆ, వస్తున్నా" అనేస్తుంది కూడా. నలభై ఏళ్లు రోజూ అదే వేళకు అదే గొంతు విన్న చెవి అది. కోడలు చూసి "అత్తయ్యకు మతి పోతోంది" అనుకుంటే, ఆమె ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తదు. "ఇవాళ మామయ్యగారు పిలిచారా అత్తయ్యా? ఏమన్నారు?" అని అడిగితే ఆమె చెబుతుంది, కళ్లు తుడుచుకుంటుంది, అన్నం తింటుంది. దీనికి మాత్ర అక్కర్లేదు. "నువ్వూ నా దగ్గరికి వచ్చేయ్" అని ఆ గొంతు అంటున్నా, ఆమె తిండి మానేసినా, నెలలు గడిచేకొద్దీ మంచం దిగకపోయినా అప్పుడు సంగతి వేరు. అది దిగులు జబ్బు, దానికి వైద్యం కావాలి.

పిలుపుల గురించి మన పెద్దలకు ఒక నియమం ఉంది: రాత్రిపూట ఎవరైనా పిలిస్తే ఒక్క పిలుపుకే పలకకూడదు, మూడుసార్లు పిలిస్తేనే పలకాలి. గోడల మీద, తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న ఊళ్లలో కూడా భయం ఇదే, తెలిసినవాళ్ల గొంతుతో ఎవరో పిలుస్తారని. దెయ్యం సంగతి పక్కన పెడితే ఆ మూడు పిలుపుల నియమంలో మంచి పరిశీలన దాగి ఉంది. కునుకు పట్టేటప్పుడూ, మెలకువ వచ్చేటప్పుడూ వినపడే పిలుపు చాలావరకు ఒక్కసారే వస్తుంది. పేరు, లేదా ఒక చిన్న మాట, లేదా తలుపు కొట్టిన చప్పుడు. మెదడు పూర్తిగా మేలుకోగానే ఆగిపోతుంది. నిజంగా గుమ్మంలో ఉన్న మనిషి అయితే మళ్లీ పిలుస్తాడు. బ్రిటన్‌లో దాదాపు 5,000 మందిని అడిగితే నిద్ర పట్టేటప్పుడు ఇలాంటివి అనుభవమయ్యేవాళ్లు 37 శాతం అని 1996లో లెక్క తేలింది. పరీక్షల ముందు రాత్రుళ్లు మేలుకునే పిల్లలకూ, షిఫ్టులు మారే ఉద్యోగులకూ, పసిపాప తల్లులకూ ఇది ఇంకా ఎక్కువ. నిద్ర సరిచేస్తే చాలావరకు తగ్గుతుంది.

ఇంతకీ లేని గొంతు ఎలా వినపడుతుంది? రెండు దారులున్నాయి, రెండూ ఆరోగ్యంగా ఉన్న మెదడులోనూ ఉండేవే.

ఒకటి, మనలో మనం మాట్లాడుకునే మాట. మనం మాట్లాడబోయే ప్రతిసారీ మెదడు "ఇది నేనే అంటున్నది" అని వినికిడి భాగానికి ముందుగానే ఒక కబురు పంపుతుంది. అందుకే మన గొంతు మనల్ని ఉలిక్కిపడేలా చేయదు. లోలోపల అనుకునే మాటకూ ఇలాంటి కబురే వెళ్తుంది. అది ఆలస్యమైనా, బలహీనపడినా సొంత మాటే పరాయి గొంతులా వచ్చి పడుతుందని పరిశోధకులు అనుకుంటున్నారు. 1949లో లూయిస్ గౌల్డ్ గొంతులు వినపడే ఒక రోగి గొంతుక దగ్గర మైకు పెట్టి చూస్తే సన్నని గుసగుస దొరికింది. ఆ గుసగుసలో ఉన్న మాటలూ, రోగి తనకు వినపడుతున్నాయని చెప్పిన మాటలూ ఒకటే. కూనిరాగం తీస్తే, పైకి చదివితే కొందరికి గొంతులు ఎందుకు తగ్గుతాయో ఇక్కడే అర్థమవుతుంది. నోటి కండరాలు వేరే పనిలో పడితే గుసగుసకు చోటుండదు.

రెండోది, ఎదురుచూపు. 2001లో నెదర్లాండ్స్‌లో 44 మంది విద్యార్థులకు హెడ్‌ఫోన్లు పెట్టి వట్టి హోరు వినిపించారు. అందులో ఒక ప్రసిద్ధ క్రిస్మస్ పాట చాలా సన్నగా కలిసి ఉండొచ్చు, స్పష్టంగా వినపడితే బటన్ నొక్కండి అన్నారు. 14 మంది నొక్కారు. పాట అసలు వేయనే లేదు. కూలర్ హోరులో పసిపాప ఏడుపు, బోరు మోటారు శబ్దంలో పేరు, బాత్‌రూమ్ నీళ్ల చప్పుడులో ఫోను మోత వినపడేది ఇందుకే. చెవి దేనికోసం కాచుకుని ఉంటే మెదడు దాన్నే హోరులోంచి ఏరుతుంది.

వినికిడి తగ్గిన వృద్ధులకు మాటల కంటే పాటలు, భజనలు వినపడటం ఎక్కువ. ఎప్పుడో విన్న పాట అదే చరణం దగ్గర గంటల తరబడి తిరుగుతుంటుంది. చెవిలో గులిమి తీయించి, వినికిడి పరీక్ష చేయించి, అవసరమైతే వినికిడి యంత్రం పెట్టిస్తే చాలామందికి అది నెమ్మదిస్తుంది. సైకియాట్రిస్ట్ కంటే ముందు ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన వాళ్లు వీళ్లు.

మరి ఇబ్బంది పెట్టని గొంతుకూ, జబ్బులో భాగమైన గొంతుకూ తేడా ఎక్కడ? నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్‌లో ఐరిస్ సోమర్ బృందం గొంతులు వినపడుతున్నా ఆరోగ్యంగా ఉన్న వంద మందికి పైగా జనాన్నీ, సైకోసిస్ ఉన్న రోగుల్నీ పక్కపక్కన పెట్టి చూసింది. గొంతు ఎంత గట్టిగా ఉంది, తల లోపల వినపడుతోందా బయటా అన్న విషయాల్లో రెండు గుంపులకూ పెద్ద తేడా లేదు. చెవి బయటి నుంచి వినపడితేనే అసలు జబ్బు అన్న పాత నమ్మకం ఇక్కడ నిలబడలేదు. తేడా వచ్చింది గొంతు ఏమంటోంది అన్నచోట. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఎక్కువగా మామూలు మాటలో, మంచి మాటలో; రోగులకు తిట్లు, బెదిరింపులు, ఆజ్ఞలు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు గొంతును కొంతవరకు అదుపు చేయగలరు, అది వచ్చేది కూడా తక్కువసార్లు. సగటున వాళ్లకు పన్నెండేళ్ల ప్రాంతంలో మొదలైంది, రోగులకు ఇరవై దాటాక.

గొంతు మాట మనిషి పెరిగిన చోటును బట్టి కూడా మారుతుంది. టాన్యా లూర్‌మన్ బృందం కాలిఫోర్నియాలో 20 మందిని, ఘనా దేశపు అక్రాలో 20 మందిని, మన పొరుగున చెన్నైలో 20 మందిని కలిసింది. అందరూ సైకోసిస్ ఉన్నవాళ్లే. కాలిఫోర్నియాలో ముక్కూ మొహం తెలియని గొంతులు హింస గురించి మాట్లాడాయి. చెన్నైలో సగానికి పైగా జనానికి వినపడింది బంధువుల గొంతులు: స్నానం చెయ్యి, వంట చెయ్యి, ఇల్లు ఊడువు. ఇరవై మందిని బట్టి ఒక దేశం మొత్తం ఇంతే అనలేం. కానీ మన దగ్గర సైకియాట్రిస్టు "ఎవరి గొంతు? మీకు ఏమవుతారు?" అని అడగకపోతే సగం సంగతి జారిపోతుందని దీన్నిబట్టి నమ్ముతాను.

ఇది మామూలే అని చెబితే జబ్బున్నవాళ్లు కూడా డాక్టరు దగ్గరికి వెళ్లరు కదా అని కొందరు అంటారు. ఆ ఆందోళన నాకు అర్థమవుతుంది. కానీ ఆలస్యానికి అసలు కారణం భయం. వినపడుతోందని చెప్పిన మరుక్షణం పెళ్లి చెడుతుందనీ, ఉద్యోగం పోతుందనీ తెలిసిన కుర్రాడు నెలల తరబడి దాస్తాడు. ఇంట్లో తెలిశాక కర్ణపిశాచి పట్టిందనో, గాలి సోకిందనో ఇంకొన్ని నెలలు పోతాయి. తాయెత్తు కట్టిస్తే కట్టించుకోండి, మొక్కుకుంటే మొక్కుకోండి, వాటితో పోరాడను. వేపమండలతో కొట్టడం, పస్తులుంచడం, గొలుసులు వేయడం మాత్రం ఒక్క రోజు కూడా ఒప్పుకోకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచే చోట మంటలు అంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది చనిపోయారు. మానసిక రోగిని ఏ రకంగానైనా గొలుసులతో కట్టడం 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టం ప్రకారం నిషిద్ధం.

ఇంట్లో ఎవరైనా చెబితే మొదటి నిమిషంలో ఏం మాట్లాడతామన్నది చాలా పని చేస్తుంది. "ఏం లేదు, ఊరుకో" అంటే ఆ పిల్లాడు ఒంటరైపోతాడు. "అవునవును, ఆ పక్కింటివాడే తిడుతున్నాడు" అని వంత పాడితే అనుమానం గట్టిపడుతుంది. మధ్యలో ఒక మాట ఉంది: "నాకు వినపడట్లేదు నాన్నా. నీకు వినపడుతోందంటే నమ్ముతున్నాను. ఏమంటోంది?" ఆ తర్వాత నోరు మూసుకుని వినండి. వాదించకండి, రుజువులు అడగకండి. ఆ గొంతు చావమనో, ఎవరినైనా చంపమనో చెబుతోందా, చెబితే ఆపుకోగలుగుతున్నావా అన్నది మాత్రం సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది వట్టి భయం.

ఆపుకోలేనంటే అదే రోజు ఆస్పత్రికి. కాన్పయిన మొదటి రెండు మూడు వారాల్లో తల్లికి నిద్ర లేకుండా పోయి గొంతులు మొదలైతే అదే రోజు, పాపతో ఒంటరిగా వదలకండి. జ్వరంతో పాటు మాట తడబడుతున్నా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా అదే రోజు. రోజూ తాగే మనిషి హఠాత్తుగా మానేసిన రెండు మూడు రోజుల్లో వణుకు, చెమటలు, గొంతులు కలిసి వస్తే అది ప్రాణం మీదికి తెచ్చే స్థితి, 108కి ఫోన్ చేయండి. అరవై దాటాక మొదటిసారి వస్తే ముందు ఒంటి జబ్బుల కోసం వెతకాలి: మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం పడిపోవడం, మతిమరుపు జబ్బు. ఏ వయసులోనైనా వాడుతున్న మందుల పొట్లం మొత్తం డాక్టరు ముందు పెట్టండి. స్టెరాయిడ్లు, పార్కిన్సన్స్ మాత్రలు, మొండి టీబీకి ఇచ్చే సైక్లోసెరిన్ గొంతులు తెప్పించగలవు. గంజాయి సంగతి దాచకండి. రోజూ వాడేవాళ్లలో సైకోసిస్ మూడు రెట్లని 2019లో ఒక పెద్ద అధ్యయనం చూపింది.

మందులు అవసరమైనప్పుడు అవి చాలామందికి పనిచేస్తాయి. వాటిని చెడ్డవిగా చూపించేవాళ్లతో నేను ఏకీభవించను. ఒకే మోతాదులో నాలుగు నుంచి ఆరు వారాలైనా వాడి చూడాలి. నిద్రమత్తు, బరువు పెరగడం, కాలు నిలవకపోవడం లాంటివి వస్తే డాక్టరుతో చెప్పి మార్పించుకోవాలి. తగ్గిందని మర్నాడే ఆపేయడం దగ్గరే ఎక్కువ చెడుతుంది. ఒక్కసారిగా మానేస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. మందులు వాడాల్సినంత జబ్బు లేనివాళ్లకు, గొంతు విసిగించినప్పుడు, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మాటలున్న కార్యక్రమం వినడం, పేపరు పైకి చదవడం, "నీతో ఏడింటికి మాట్లాడతాను" అని గొంతుకే వేళ కేటాయించడం లాంటివి సాయపడతాయి. ఒకరికి పనిచేసింది ఇంకొకరికి పనిచేయకపోవచ్చు, ఒక్కొక్కటీ ప్రయత్నించి చూడాలి.

ఏం చేయాలో తేలకపోతే ఒక చిన్న నోటు పుస్తకం తీసుకుని రెండు వారాలు రాయండి. వేళ, చోటు, ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు, గొంతు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, ఎంత గట్టిగా ఉంది (పదికి ఎంత), అప్పుడు మీరేం చేశారు. "మంగళవారం, రాత్రి 11:40, మంచం మీద, నిన్న 4 గంటల నిద్ర, 'రాజూ' అని ఒక్కసారి, పదికి 3, లేచి నీళ్లు తాగి పడుకున్నాను." పద్నాలుగు రోజుల్లో ఇలాంటి వరసలు మూడే ఉండి, మూడూ నిద్ర తక్కువైన రాత్రులే అయితే డాక్టరు నిద్ర గురించి మాట్లాడతాడు. పట్టపగలు, రోజుకు పదిసార్లు, "నువ్వు దండగ" అన్న మాటే పేజీ నిండా ఉంటే ఆ పుస్తకం పట్టుకుని ఈ వారంలోనే వెళ్లాలి. దగ్గర్లో సైకియాట్రిస్ట్ లేకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఫోను చేసేటప్పుడు ఆ పుస్తకం ఎదురుగా పెట్టుకోండి.